చెత్త చప్పుడు

బకెట్లోంచి మొగుడి గొంతు వినపడేసరికి ఆమెకు ముందు నవ్వొచ్చింది. పీపాలో కూర్చున్న కప్పలాగా ఉంది ఆ గొంతు. ఆమె ఉన్నది రేవులో చెక్కవంతెన మొదట్లో, సరుకులు మోసే పాత ఇనప డబ్బాకు కిటికీ కోసి, ఏసీ బిగించి గదిలా మార్చిన చోట. అతనున్నది వంతెన చివర, నీళ్ల మీద తేలే బల్లకట్టు మీద. ఇద్దరి మధ్యా సన్నటి గాజు తీగ. ఆ తీగ కొసన వేలెడంత ముక్క ఒకటి ఉంది, లావు వెంట్రుకంత. ఈ గదిలోంచి దానిలోకి వెలుగు పంపితే అది తనే ఒక లేజరై తన సొంత రంగు వెలుగును వెనక్కి పంపుతుంది. చుట్టుపక్కల ఏ చప్పుడైనా ఆ ముక్క పిసరంత సాగుతుంది, పిసరంత ముడుచుకుంటుంది, రంగు ఆ మేరకు మారుతుంది, ఆ మార్పే ఇక్కడ హెడ్‌ఫోన్‌లో మళ్లీ చప్పుడవుతుంది. సముద్రంలోకి దించే ముందు దాన్ని సబ్బునీళ్ల బకెట్లో నానబెడతారు. లేకపోతే ఒంటికి బుడగలు పట్టుకుంటాయి, ఒక్క బుడగ పట్టినా చాలు, సముద్రం దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టుంటుంది. నానేటప్పుడు ఎవరూ వెలుగు పంపరు, అందుకే ఆ బకెట్ చుట్టూ చేరి అందరూ ఇష్టమొచ్చినట్టు కబుర్లాడుకుంటారు. ఇవాళ ఆమెకు మనసాగలేదు. నిన్న రంగు కాస్త ఊగిసలాడినట్టనిపించింది, పరీక్ష రోజు కదా, ఎందుకైనా మంచిదని ముందే వెలుగు పంపి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. గాలిలో మాట మామూలుగా నీళ్లలోకి దిగదు. కానీ ప్లాస్టిక్ బకెట్ గోడ పలచన, పక్కనే నిలబడి మాట్లాడితే అదీ వణుకుతుంది, లోపలి నీళ్లకూ ఆ వణుకు చెబుతుంది. రికార్డు చేసి మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు వినిపిస్తే పడి పడి నవ్వుతారనుకుంది. బొత్తం నొక్కబోయింది కూడా.

"మరి ఆ పడవలవాళ్లు గొడవ చెయ్యరా?" అంది రెండో గొంతు. అది రేవు అధికారిది. ఈ గాజు తీగ సెన్సార్లు కొనబోయేది రేవువాళ్లే, ఇవాళ పరీక్ష చూడడానికి ఆయన వచ్చాడు.

"చెయ్యరు సార్. మా ఆవిడ వాళ్ల పిల్లే. సొంత మేనమామే అక్కడ పెద్ద. చేపలు ఎటు పోతున్నాయో వినడానికని ఆవిడ చెప్పింది, వాళ్లు నమ్మారు. ఒక్కొక్కళ్లూ పడవ తెచ్చి, ఇంజన్ చప్పుడు ఇచ్చి మరీ వెళ్లారు."

"అంటే రేవు చుట్టూ మేం పెట్టిన కొత్త హద్దు దాటి లోపలికొస్తే ఎవరి పడవో తెలిసిపోతుంది."

"పేరుతో సహా సార్. మీరు లైసెన్సు రద్దు చెయ్యాలన్నా, పడవ పట్టుకోవాలన్నా సాక్ష్యం మీ చేతిలో ఉంటుంది."

"ఆవిడకు తెలుసా, ఇది దేనికో?"

బకెట్లో నీళ్లు ఒకసారి కదిలాయి. "తెలిస్తే అంత బాగా చెప్పగలిగేది కాదు సార్. మా ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు."

ఇద్దరూ నవ్వారు.

బొత్తం మీద వేలు అలాగే ఉండిపోయింది. నవ్వు కూడా ఎంత శుభ్రంగా వచ్చిందో, అధికారిది పొట్టలోంచి, మొగుడిది ముక్కులోంచి, ఎక్కడా కీచుమనకుండా. ముందు ఆ ఆలోచనే వచ్చింది, సిగ్గులేని బుర్రకు, అలవాటు ప్రాణం మరి. వాళ్ల మాటల అర్థం ఆ తర్వాత తలకెక్కింది. ఎవరో బకెట్‌లో చెయ్యి పెట్టారు, గరగరమంది, ఓ క్షణం గాలి హోరు, బుడుంగుమని సెన్సార్ సముద్రంలోకి దిగింది, గొంతులు రెండూ కోసేసినట్టు ఆగిపోయాయి. ఇక నీళ్లే. వంతెన గుంజలను పట్టుకున్న గుల్లల దగ్గర చిటపటలు, దూరంగా ఏదో పెద్ద ఓడ గొణుగుడు, కిందెక్కడో ఇసుక జారుతున్న చప్పుడు. పక్కన వాకీటాకీ గరగరలాడింది. దించేశాం, ఎలా వస్తోంది, అన్నాడు అతను, ఎప్పటిలాగే మెత్తగా, నిద్ర లేచావా అని తలుపు సందులోంచి అడిగినట్టు. బాగానే వస్తోంది, అంది. ఆ మాట ఏ నోటితో అందో ఆమెకే తెలియదు. పడవని ఎప్పుడు రమ్మన్నావు అన్నాడు. ఆటుపోటు తిరిగాక, ఇంకో గంట పడుతుంది, అంది. సరే, అయితే సార్‌ని తీసుకుని ఇలా రేవంతా చూపించి వస్తాను, నువ్వు కంగారు పడకు, అన్నాడు. కంగారు పడకు! ఆ మాటకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఏ పడవ వస్తుందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు, పరీక్ష అంటేనే అది. పడవ రాతికట్ట అవతల నుంచి రావాలి, కంటికి కనపడకూడదు, ఫలానా పడవ అని యంత్రం తనంతట తను చెప్పాలి, అవునో కాదో ఆమె చెప్పాలి. రమ్మన్నది మామయ్యని. ఇంకెవర్ని పిలుస్తుంది, పరీక్ష అంటే చిన్నప్పటి నుంచి మామయ్యే కదా బడి గేటు దాకా వచ్చింది, పరీక్ష అయ్యేదాకా అక్కడే గోడ మీద కూర్చుని వల సరిచేసుకుంటూ, బయటికి రాగానే పాసా అని అడిగి, ఫలితాలు అప్పుడే రావు మామయ్యా అంటే, నీ మొహంలో వచ్చేశాయిలే అనేవాడు. అమ్మ తమ్ముడు. తండ్రి లేని ఇంట్లో తండ్రి. ఆయన పడవ మీద ఇప్పుడు గురి పెట్టింది తన చేతులే. ఈ చేతులతోనే గాజు తీగ పైతోలు వలిచి, ఊపిరి బిగబట్టి కొస తుంచి, రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి అతికి, అతుకు కనపడకుండా, వెలుగుకు కూడా తెలియకుండా అతికి, గొట్టంలో లాగి పట్టి జిగురు ఆరేదాకా బిడ్డను చూసుకున్నట్టు కూర్చుంది. ఎన్ని పాడయ్యాయో. ఒకటి చల్లటి నీళ్లలో రంగు మార్చేసేది, ఒకటి జిగురు వదిలేసేది, ఒకటి లోతుకు దించగానే మూగబోయేది, అన్నీ పోయి ఇది నిలబడింది. నిలబడిందని తెలిసిన రోజు అతను తనను ఎత్తుకుని ఆ గదంతా తిప్పాడు. దించవయ్యా, ఎవరైనా చూస్తారు అంటే, చూడనీ అన్నాడు. అప్పటికే తెలుసా అతనికి? ఆ రోజుకే మాట్లాడేసుకున్నాడా వీళ్లతో? ఎత్తుకున్న చేతులు ఏమనుకుంటున్నాయో ఎత్తబడ్డ మనిషికి ఏం తెలుస్తుంది.

తెలియాల్సింది. అక్కడే ఆమెకు ఒళ్లు మండిపోతోంది, తెలియకపోవడానికి తనేమైనా పాలు తాగే పిల్లా? కానీ అతను అబద్ధాన్ని ఎక్కడ పెట్టాడో చూడు, ఆమె ఎక్కడైతే వెతకదో అక్కడ పెట్టాడు. ఈ పనిలో ఎవరైనా ముందు నేర్చుకునేది చెత్త పోగు చెయ్యడం. కావాల్సిన చప్పుడు వినాలంటే అక్కర్లేని చప్పుళ్లన్నీ ముందు రికార్డు చేసుకోవాలి. పంపు హోరు, ఏసీ గుర్రు, అలల తాకిడి, వంతెన కిర్రు. ఒక్కోటీ విడివిడిగా పట్టి దాచుకుంటే, తర్వాత మొత్తంలోంచి దాన్ని తీసెయ్యొచ్చు. చెత్త చప్పుడు అంటారు వాళ్లంతా, ఇవాళ చెత్త పట్టడానికి వెళ్తున్నాం అంటారు, కొత్తవాళ్లు నవ్వుతారు. అందుకే ఒక రోజు అతను గిన్నెలు తుడుస్తూ, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ, ఆమె ఆ సంగతి కూడా గమనించలేదు, చేపల గుంపులు వినాలంటే పడవ ఇంజన్లన్నీ అడ్డమొస్తాయి కదా, వాటిని తీసెయ్యాలంటే అవేంటో ముందు తెలియాలి కదా, మీవాళ్ల పడవలన్నీ ఒక్కొక్కటీ పట్టగలవా అని అడిగాడు. ఆమె ఎగిరి గంతేసింది. అబ్బ, ఎంత మంచి ఆలోచన అంది. అనడమే కాదు, ఇంకా పైన తన తెలివి కూడా కలిపింది, పడవ ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, ఉరుకుతున్నప్పుడు ఒకసారి పట్టాలి, లేకపోతే సరిగ్గా పోదు అంది. అతను నీకున్న బుర్ర నాకెక్కడిది అన్నాడు. ఆ మాటకు ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడైనా తల దాచుకోవాలనిపిస్తోంది. తీసెయ్యడానికి పట్టిన చప్పుడుతోనే మనిషిని పట్టుకోవచ్చని, ఒకే పనిని అటు తిప్పితే చెత్త, ఇటు తిప్పితే సాక్ష్యం అని, ఇంత చదివి, ఇంత పని చేసి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుకోలేదు.

వలలు బాగుచేసే కొట్టంలో నిలబడి చెప్పింది. అందరూ నేల మీద, ఆమెకు మాత్రం ఎవరో పీట వేశారు, చదువుకున్న పిల్ల అని. రేవు లోతు చేస్తున్నారు, చేపలు బెదిరి చెదిరిపోతున్నాయి, అవి ఎటు పోతున్నాయో ఈ తీగ వింటుంది, విన్నది మీకే చెబుతాం, వెతుక్కుంటూ ఊరికే నూనె తగలేసుకోనక్కర్లేదు అని చెప్పింది. చెబుతుంటే తనకే కళ్లు చెమర్చాయి, ఇన్నాళ్ల చదువు ఇప్పటికి ఇంటికి పనికొచ్చిందని. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రేవువాళ్లు మనకు మంచి చేస్తారా అని ఎవరో గొణిగారు. అత్త, మామయ్య పెళ్లాం, నోరు విప్పితే కొట్టంలో ఇంకెవరూ విప్పరు, ఆవిడ సూది పక్కన పెట్టి, ఇదంతా మీ ఆయన మాటా, నీ మాటా అని అడిగింది. నా మాటే అత్తా, అంది. అల్లుడుగారు మంచివాడే కావచ్చు, ఆయన మాట మాకక్కర్లేదు, నీ మాటైతే చెప్పు అంది అత్త. నా మాట, అని మళ్లీ అంది. అతనెందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తోంది. నేనొస్తే వాళ్లు బిగుసుకుపోతారు, మీవాళ్లు కదా, నువ్వే వెళ్లు, అన్నాడు. గుమ్మం దాకా వచ్చి చెప్పుల పట్టీ కూడా తనే వంగి బిగించాడు, వంతెన మీద జారుతుంది జాగ్రత్త అని. నమ్మించి నట్టేట ముంచడం అంటారే, అది ఊరికే అనరు, ముంచేవాడు ముందు చెప్పుల పట్టీ బిగిస్తాడు.

హెడ్‌ఫోన్‌లో ఏదో టక్కుమంది. రాయి మీద రాయి. తర్వాత చేపలు, నిజంగానే చేపలు, గుంపు ఒకటి గుంజల పక్క నుంచి పోతోంది, గొంతు సవరించుకుంటున్నట్టు గురగురలు. ఎంత బాగా వినపడుతోంది! మామయ్య తెడ్డు నీళ్లలో ముంచి, పిడికి చెవి ఆనించి వినేవాడు, ఆమెనూ అలాగే వినమనేవాడు. చిన్నప్పుడు ఎంత ఆనించినా కరకరమని ఒక్క చప్పుడే వచ్చేది, చేపలు నములుతున్నాయి మామయ్యా అంటే, నములుతోంది చేపలు కాదే, నువ్వే, ముందు నోట్లో ఉన్నది మింగు, అని పడవ ఊగేలా నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకోకూడదనుకుంది. తలుచుకుంది. చప్పుళ్లు పట్టిన రోజున కూడా అంతే నవ్వాడు. ఒక్కో పడవకూ దాని ఇంజన్‌ను బట్టి ముద్దుపేరు పెట్టింది ఆమె, ఒకటి దగ్గు, ఒకటి గురక, ఒకటి తిట్లు, అది మరీ ఘోరంగా మోగుతుంది. మామయ్య ఇంజన్‌లో మధ్య మధ్య ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది, అందుకని ఎక్కిళ్లు. ఆ పేరు చెబితే, అయ్యో, దాన్నెవరు తలుచుకుంటున్నారో పాపం అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూనే బొత్తం నొక్కింది. ఆ దెబ్బ ఆలస్యాన్ని బాగు చేయిస్తానంటే వద్దంది కూడా, వద్దు మామయ్యా, అదుంటేనే నిన్ను గుర్తుపట్టడం తేలిక, అంది. అయ్యో, ఆ మాట అంది తను. తన నోటితోనే అంది.

చెయ్యి వెలుగు పెంచే పిడి మీద ఉంది. దాన్ని పూర్తిగా తిప్పేస్తే చాలు, అవతల వేలెడంత గాజు ముక్క వేడెక్కి, రంగు మీద రంగు మారి, గోల గోల చేసి, చివరికి ఏదో ఒక అతుకు కాలిపోతుంది. పరీక్ష పోతుంది. కొంచెం తిప్పింది. తెర మీద గీత నిలువునా లేచింది. తిప్పిన చెయ్యి తిరిగి వెనక్కి వచ్చేసింది. దాని తప్పేముంది, అది తన పని తాను చేస్తోంది. అయినా కాల్చి ఏం లాభం, బీరువాలో ఇంకా ఉన్నాయి, అవీ తనే చేసింది, అవీ బాగా చేసింది. అతను వచ్చి, పోనీలే, ఇలాంటివి జరుగుతుంటాయి అని భుజం తట్టి, ఇంకోటి తెచ్చి బకెట్లో నానబెడతాడు. వచ్చే వారం మళ్లీ పరీక్ష, మళ్లీ మామయ్య. వాళ్లందరి చప్పుళ్లూ ఇప్పటికే యంత్రంలో ఉన్నాయి. తీసేసినా అతని దగ్గర ఇంకో నకలు లేకుండా ఉంటుందా, ఇంత చేసినవాడు అంత అమాయకుడా. పోనీ ఇప్పుడు ఎదురుగా నిలబడి అడిగితే? ఏమంటాడో తెలుసు. ముందు నీకెలా తెలుసు అంటాడు. తర్వాత నీ మంచికే అంటాడు. ఆ తర్వాత గొంతు ఇంకా మెత్తబడుతుంది, ఈ సెన్సార్ నీ ప్రాణం కదా, ఇంకెవరు కొంటారు దీన్ని, చేపల కోసం ఎవరైనా కొంటారా, నీ పని నిలబెట్టడానికే కదా ఇదంతా అంటాడు. అందులో కొంచెం నిజం కూడా ఉంటుంది, అదీ అసలు బాధ. అతని అబద్ధాల్లో ఎప్పుడూ కొంచెం నిజం ఉంటుంది, ఆ కొంచెం చూసే కదా తను పెళ్లి చేసుకుంది.

ఫోన్ తీసింది. మామయ్య వెంటనే ఎత్తాడు, ఎక్కడున్నాడో అక్కడ గాలి ఎక్కువగా ఉంది.

"వచ్చేస్తున్నా అమ్మడూ, కట్ట మొదట్లోనే ఉన్నా. ఇంజన్ వేడి చేస్తున్నా."

"ఆపు మామయ్యా. ఇంజన్ ఆపెయ్యి. రావద్దు."

హెడ్‌ఫోన్‌లో దూరంగా అప్పుడే మొదలైన చిన్న టకటక ఆగిపోయింది. ఆగిన తర్వాత గానీ అది ఉందని ఆమెకు తెలియలేదు.

"ఏమైంది? నీ ఒంట్లో బాగానే ఉందా?"

చెప్పింది. ఎలా చెప్పిందో, ముందుది వెనక, వెనకది ముందు. ఇది చేపల కోసం కాదు మామయ్యా. మీ పడవల కోసం. హద్దు దాటితే ఎవరి పడవో పేరుతో సహా రేవువాళ్లకు చెబుతుంది. లైసెన్సులు తీసేస్తారు. మీ అందరి చప్పుళ్లూ నేనే పట్టి ఇచ్చాను. అవతల గాలి వినపడుతోంది, పడవ పక్కన నీళ్లు తట్టిన చప్పుడు. ఆయన తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. కొట్టంలో వాళ్లందరి ముందూ జుట్టు పట్టి ఈడ్చినా బాగుండుననుకుంది.

"తెలుసులే అమ్మడూ," అన్నాడు మామయ్య.

ఆమెకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"నువ్వు చప్పుళ్లు పట్టిన రోజే అనుకున్నాం. చేపల గొడవైతే చేపల చప్పుడు పడతారు గానీ, ఖాళీ పడవా, బరువు పడవా అని మమ్మల్ని నాలుగుసార్లు తిప్పుతారా? మీ అత్తయితే ఆ రాత్రంతా తిట్టింది. నేనే చెప్పాను, పిల్ల ఉద్యోగం, పైవాళ్లు ఏం చెప్పమన్నారో అదే చెప్పింది, ఏం చేస్తుంది పాపం అని."

"నాకు తెలీదు మామయ్యా."

గాలి.

"నిజంగా తెలీదు. ఒట్టు. ఇప్పుడే, ఇందాకే తెలిసింది, ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. నీ మీద ఒట్టు మామయ్యా, నాకు తెలీదు."

"సరేలే తల్లీ," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. చిన్నప్పుడు చక్కెర డబ్బా తీసింది నేను కాదు మామయ్యా అంటే, నోటి చుట్టూ చక్కెర అంటి ఉన్నా, సరేలే తల్లీ అని ఆ నోరు తన తువ్వాలుతో తుడిచాడే, అచ్చం అలాగే. "ఏడవకు. నేనేమైనా అన్నానా? నువ్వు బాగుంటే అంతే చాలు మాకు."

నమ్మలేదు. ఆయన నమ్మలేదు. ఇన్ని నెలల నుంచి నమ్మలేదు, అయినా పడవ తెచ్చాడు, నాలుగుసార్లు తిరిగాడు, పేరు పెడితే నవ్వాడు, ఇవాళ ఎండెక్కకముందే కట్ట దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మోసం చేసిందని అనుకుంటూనే వచ్చాడు. మొగుడు తన నోటిని వాడుకున్నాడని ఇంతసేపూ మండిపోయింది, నోరే కాదు, మామయ్య దగ్గర తనకున్న ఒకే ఒక్క ఆస్తిని, అమ్మడు అబద్ధం ఆడదు అన్న ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్లి రేవులో పారేశాడు, అది పోయిందని కూడా తనకు తెలియనివ్వలేదు. ఏ ఒట్టు వేస్తే తిరిగొస్తుంది? ఆయన మీద వేసింది, అంతకంటే పెద్దది తన దగ్గర లేదు.

"వెళ్లిపో మామయ్యా. ఇంటికెళ్లు. నీకు దణ్ణం పెడతాను," అంది.

"పరీక్ష పోతే నీకు మాట రాదూ? పెద్దవాళ్లొచ్చారన్నావు. నువ్వు పిలిచాక రాకుండా ఎప్పుడైనా ఉన్నానా? ఒక్క చుట్టే కదా, పోయొస్తా. ఆ తర్వాత సంగతి మేం చూసుకుంటాం, సముద్రం అంతా వాళ్ల బాబుదా ఏంటి." నవ్వాడు. "పెట్టేస్తున్నా."

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, ఇంజన్ చప్పుడులో వినపడి ఉండదు. ఎందుకంటే హెడ్‌ఫోన్‌లో ఆ టకటక మళ్లీ మొదలైంది, దూరంగా, తర్వాత దగ్గరగా. టకటక టకటక, ఓ దెబ్బ ఆగి, టక్. టకటక టకటక, ఓ దెబ్బ ఆగి. వద్దు, వద్దు, వద్దు అని ఆమె పెదాలు కదులుతున్నాయి. తను సెన్సార్‌ని ఎంత బాగా చేసిందంటే ఆ ఇంజన్ కింద పడవ చెక్క మీద ఏదో దొర్లిన చప్పుడు కూడా వినపడింది, బహుశా ఆయన మంచినీళ్ల సీసా. అది దొర్లుకుంటూ పోయి ఆగింది. ఆయన కాలితో ఆపి ఉంటాడు.

తలుపు తెరుచుకుంది, ఎండా వేడిగాలీ, వాటి వెనకే ఇద్దరూ వచ్చారు. వస్తోందా, అన్నాడు అతను. ఆమె తల తిప్పకుండా స్పీకర్ పెట్టింది. గదంతా మామయ్య ఇంజన్ నిండింది. రేవు అధికారి తెర ముందుకొచ్చి నడుం వంచి చూశాడు, పెద్ద మనిషే, మర్యాద తెలిసినవాడే, ఆమె కుర్చీకి తన చెయ్యి తగలకుండా నిలబడ్డాడు. గీతలు పాకాయి, యంత్రం కాసేపు ఆలోచించుకుంది, తర్వాత తెర మీద తాపీగా రాసింది: ఎక్కిళ్లు.

"భలే," అన్నాడు అధికారి. "కట్ట అవతల ఉన్న పడవ! కంటికి కనపడనిది!" ఆమె వైపు తిరిగాడు. "చెప్పండమ్మా. ఇవాళ మీరు పిలిచింది ఆ పడవనేనా? మీరు అవునంటే ఇక్కడితో అయిపోయింది, నేను సంతకం పెట్టేస్తాను."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెచ్చగా ఉంది, ఎప్పటిలాగే. ఎక్కిళ్లు ఎవరి పడవో అతనికి తెలుసు, ఆ పేరు పెట్టిన రోజు ఇంటికొచ్చి పగలబడి నవ్వుతూ అతనికే చెప్పింది. ఆమె మామయ్యనే పిలిచి ఉంటుందనీ తెలుసు. అన్నీ తెలిసిన ఆ చెయ్యి తేలిగ్గా, ఏ బరువూ లేకుండా ఆమె భుజం మీద ఉంది. ఆమె తెర మీది మాట వైపు చూసింది. కాలిపోయిన అతుకులు, మేలుకున్న రాత్రులు, జిగురు వాసన, అన్నీ కలిపితే చివరికి ఆ ఒక్క మాట, అది నిజం. ఆ గాజు ముక్క ఇన్నాళ్లలో ఎన్నడూ ఇంత కచ్చితంగా చెప్పలేదు.

"కాదు సార్," అంది.

భుజం మీద చెయ్యి బరువెక్కింది.

"నేను పిలిచింది వేరే పడవని. జాబితాలో గురక అని ఉంది చూడండి, దాన్ని. ఇది తప్పు చెప్పింది." గొంతు వణకలేదు. అదే ఆమెకు వింతగా అనిపించింది. "రెండు ఇంజన్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. దీనికి తేడా తెలియట్లేదు. దీని మాట పట్టుకుని ఎవరి లైసెన్సు మీదైనా చెయ్యి వేస్తే, రేపు తప్పు మనిషిని పట్టుకున్నారని మీ పరువు పోతుంది."

లైసెన్సు అన్న మాట గదిలో పడింది. ఆమె ఇప్పుడు తల తిప్పి మొగుణ్ణి చూసింది. అతని మొహంలో రంగు పోయింది. నోరు తెరిచాడు. తెరిచి, అధికారి వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూసి, మూసుకున్నాడు. ఆవిడ అబద్ధం చెబుతోందని చెప్పాలంటే ఎందుకు చెబుతోందో కూడా చెప్పాలి. తెలివైనవాడు, ఆ లెక్క వెంటనే వేసుకున్నాడు.

"అరెరె," అన్నాడు అధికారి, నిజంగానే బాధపడ్డాడు. "పోనీ, ఇంకోసారి చేసి చూద్దామా?"

"ఎన్నిసార్లు చేసినా ఇంతే సార్. దీన్ని చేసింది నేనే. దీని సంగతి నాకు తెలుసు."

స్పీకర్‌లో టకటక దూరమవుతోంది, కట్ట చివరికి పోయి మలుపు తిరుగుతోంది. బల్ల మీద ఫోన్ మోగింది. ఆమె ఎత్తి చెవికి ఆనించుకుంది.

"బాగా పడిందా అమ్మడూ?" అరుస్తున్నాడు మామయ్య, ఇంజన్ మీదుగా. "పాసా? ఇంకో చుట్టు రమ్మంటావా?"

ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. మామయ్యా అనడానికి లేదు.

"వద్దు," అంది. "అక్కర్లేదు. ఇక చాలు."

సరే తల్లీ, అన్నాడు మామయ్య, మామూలు గొంతుతో, పెట్టేశాడు.

"ఎవరమ్మా?" అన్నాడు అధికారి.

"ఎవరో పడవాయన సార్," అంది.